వాట్సాప్‌లో ఫొటో, వీడియో వెళ్లట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

మామూలు మెసేజ్ చిటికెలో వెళ్తుంది. ఫొటో పెడితే మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. వీడియో అయితే సగం దాకా వెళ్లి ఆగిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఫోన్ స్విచాఫ్ చేసి ఆన్ చేయడం, అదీ కుదరకపోతే వాట్సాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోవడం. మొదటి పనితో నష్టం లేదు. రెండోదానికి మాత్రం తొందరపడొద్దు. పాత చాట్లన్నీ పోయే ప్రమాదం ఉంది, పైగా చాలాసార్లు అసలు కారణం యాప్‌లో ఉండదు. నెట్‌లోనో, వీడియో సైజులోనో, ఫోన్ నిండిపోవడంలోనో ఉంటుంది. కాబట్టి ఏదైనా సెట్టింగ్ ముట్టుకునే ముందు, ఆ ఫొటో ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో కనిపెట్టాలి.

గడియారమా, టిక్కా?

పంపిన ఫొటో కింద కుడివైపు మూలన చిన్న గుర్తు ఉంటుంది. సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

గడియారం గుర్తు ఉందంటే ఆ ఫొటో ఇంకా మీ ఫోన్ దాటలేదు. సమస్య మీ వైపే: మీ నెట్, మీ ఫోన్ లేదా మీ యాప్. ఫొటో మీద పైకి చూపే బాణం, దాని పక్కన మళ్లీ ప్రయత్నించమనే మాట కనిపించినా అర్థం అదే. పంపడం మొదలైంది, మధ్యలో తెగింది.

ఒక్క టిక్కు పడిందంటే మీ పని అయిపోయింది. ఫొటో వాట్సాప్ సర్వర్‌కు చేరింది. అవతలివాళ్ల ఫోన్ ఆఫ్‌లో ఉండొచ్చు, వాళ్లకు నెట్ లేకపోవచ్చు, మిమ్మల్ని బ్లాక్ చేసి ఉండొచ్చు కూడా. ఇక్కడ మీరు ఎన్ని సెట్టింగులు మార్చినా ఉపయోగం లేదు. చేరని మెసేజ్‌ను సర్వర్ 30 రోజుల దాకా ఉంచి, ఆ తర్వాత తీసేస్తుంది.

రెండు టిక్కులు పడ్డా అవతలివాళ్లు 'ఫొటో రాలేదు' అంటున్నారంటే, మెసేజ్ చేరింది కానీ వాళ్ల ఫోన్‌లో ఫొటో డౌన్‌లోడ్ కాలేదని అర్థం. దాని గురించి కింద విడిగా చెప్తాను.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు దూరం నుంచి ఫోన్‌లో సాయం చేసేవాళ్లు కూడా ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. 'నాన్నా, ఫొటో కింద గడియారం ఉందా, టిక్కు ఉందా?' అని అడిగితే వెంటనే చెప్పగలరు. 'సెట్టింగ్స్‌లోకి వెళ్లు' అని మొదలుపెడితే ఇద్దరికీ టెన్షనే.

మార్చి మార్చి చూడండి

గడియారం దగ్గరే ఆగిందనుకుందాం. అదే మనిషికి 'హాయ్' అని పంపండి. అది కూడా వెళ్లకపోతే ఫొటోతో సంబంధమే లేదు, మీకు నెట్ లేదు. 'హాయ్' వెళ్లి ఫొటో వెళ్లకపోతే ఒక స్క్రీన్‌షాట్ తీసి పంపండి. స్క్రీన్‌షాట్ సైజు తక్కువ, అది ఫోన్‌లోనే ఉన్న ఫైలు. అది వెళ్లిందంటే మీ నెట్ నెమ్మదిగా ఉండి పెద్ద ఫైళ్లను మోయలేకపోతోంది, లేదా ఆ ఫొటోలోనే తేడా ఉంది.

తర్వాత అదే ఫొటోను ఇంకొకరికి పంపి చూడండి. ఒక్క గ్రూపులోనే వెళ్లట్లేదంటే, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా ఆ గ్రూపు సెట్టింగ్ మార్చి ఉండొచ్చు. చివరిగా వైఫైలో ఉంటే దాన్ని ఆపి మొబైల్ డేటాలో, డేటాలో ఉంటే ఎవరి హాట్‌స్పాట్‌లోనైనా ప్రయత్నించండి. అప్పుడు వెళ్లిపోతే దొంగ దొరికినట్టే.

నెట్ ఉన్నట్టే ఉంటుంది, ఉండదు

'సిగ్నల్ ఫుల్లుగా ఉందండీ, ఓటీపీలు కూడా వస్తున్నాయి' అంటారు. ఓటీపీ వచ్చేది ఎస్సెమ్మెస్‌లో, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. సిగ్నల్ గీతలు టవర్ అందుతోందని చెబుతాయి, అంతే. డేటా నడుస్తోందో లేదో అవి చెప్పవు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణం రోజువారీ డేటా అయిపోవడం. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ఇచ్చే ప్లాన్లలో ఆ కోటా అయిపోగానే నెట్ పూర్తిగా ఆగదు. చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. అక్షరాల మెసేజ్‌కు అది సరిపోతుంది కాబట్టి నెట్ బాగానే ఉందనిపిస్తుంది. 200 కిలోబైట్ల చిన్న ఫొటోకు మాత్రం అన్నీ సవ్యంగా ఉన్నా 25 సెకన్లు పడుతుంది. 16 ఎంబీ వీడియోకు అరగంట దాటుతుంది, ఆలోపే కనెక్షన్ తెగిపోతుంది. మెసేజ్‌లు వెళ్తూ ఫొటోలు మాత్రం వెళ్లట్లేదంటే, ముఖ్యంగా సాయంత్రం క్రికెట్ మ్యాచ్ చూశాక, ముందు అనుమానించాల్సింది దీన్నే. మీ సిమ్ కంపెనీ యాప్‌లో మిగిలిన డేటా చూసుకోండి. డేటా యాడ్-ఆన్ వేసుకోండి, లేదంటే అర్ధరాత్రి 12 దాటాక పంపండి.

రెండు సిమ్ములున్న ఫోన్లలో ఇంకో తిరకాసు ఉంది. కాల్స్ ఒక సిమ్ నుంచి, డేటా ఇంకో సిమ్ నుంచి నడుస్తుంటాయి. డేటా సిమ్ రీఛార్జ్ అయిపోయినా కాల్స్ మామూలుగానే వస్తుంటాయి కాబట్టి తెలియదు. సెట్టింగ్స్‌లో సిమ్ కార్డుల పేజీ తెరిచి, మొబైల్ డేటాకు ఏ సిమ్ ఎంచుకుని ఉందో చూడండి.

ఇవి రెండూ సరిగ్గానే ఉంటే ఈ వరుసలో వెళ్లండి.

1. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి, పది సెకన్లు ఆగి, ఆఫ్ చేయండి. ఫోన్ టవర్‌తో కొత్తగా కలుస్తుంది. ఘాట్ రోడ్డు ప్రయాణంలో టవర్లు మారుతూ డేటా ఇరుక్కుపోయినప్పుడు ఇదొక్కటే చాలు.

2. డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఉంటే వాట్సాప్ స్క్రీన్ మీద లేనప్పుడు నెట్ అందదు. పెద్ద వీడియో పెట్టి వేరే యాప్‌లోకి వెళ్లగానే పంపడం ఆగిపోతుంది. ఆఫ్ చేయడం ఇష్టం లేకపోతే, వాట్సాప్‌కు మాత్రం అపరిమిత డేటా వాడకం అనుమతించండి. ఐఫోన్‌లో ఇలాంటిదే లో డేటా మోడ్. మొబైల్ డేటా పేజీలో కిందికి వెళ్తే యాప్‌ల జాబితా ఉంటుంది, అందులో వాట్సాప్ బటన్ ఆఫ్ అయి ఉందేమో కూడా చూడండి.

3. బ్యాటరీ సేవర్ తీసేయండి. కొన్ని ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లను నిర్దాక్షిణ్యంగా ఆపేస్తాయి. యాప్ ఇన్ఫోలో (వాట్సాప్ గుర్తును నొక్కి పట్టుకుంటే వస్తుంది) బ్యాటరీ దగ్గర వాట్సాప్‌కు ఆంక్షలు లేకుండా పెట్టండి.

4. వీపీఎన్ ఉంటే ఆపండి. ఆండ్రాయిడ్‌లో ప్రకటనలు రాకుండా ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టుకున్నవాళ్లు దాన్ని ఆటోమేటిక్‌కు మార్చి చూడండి.

5. తేదీ, సమయం సరిచూడండి. ఇది వింతగా అనిపించొచ్చు. ఫోన్‌లో తేదీ తప్పుగా ఉంటే సర్వర్‌తో భద్రమైన కనెక్షన్ కుదరదు, వాట్సాప్ అసలు కలవదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి రోజుల తరబడి పక్కన పడున్న పాత ఫోన్లలో ఇలా జరుగుతుంది. ఆటోమేటిక్ తేదీ, సమయం ఆన్ చేస్తే చాలు.

వైఫై సంగతి వేరు. వైఫై గుర్తు కనిపిస్తే ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య కనెక్షన్ ఉన్నట్టు, రౌటర్‌కు ఇంటర్నెట్ వస్తున్నట్టు కాదు. కేబుల్ తెగినా, నెల బిల్లు కట్టకపోయినా ఆ గుర్తు అలాగే ఉంటుంది. హోటళ్లు, రైల్వే స్టేషన్లలోని ఉచిత వైఫైలో ఫోన్ నంబరిచ్చి లాగిన్ అయ్యేదాకా ఏదీ వెళ్లదు.

జనం గుమిగూడిన చోట మాత్రం మీరు చేయగలిగింది తక్కువ. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద, మేడారం జాతరలో గద్దెల దగ్గర, ఆ మాటకొస్తే ఊరి చివర ఫంక్షన్ హాల్లో తాళి కట్టే సమయానికి, ఒకే టవర్ మీద వేల ఫోన్లు పడతాయి. వెయ్యిమంది ఒకేసారి మొదటి పంక్తికి లేచినట్టే. మేడారానికి కంపెనీలు తాత్కాలిక టవర్లు పెడతాయి, అయినా రద్దీ రద్దీయే. పైగా మొబైల్ నెట్‌లో డౌన్‌లోడ్ వేగం కన్నా అప్‌లోడ్ వేగం బాగా తక్కువ. అందుకే అక్కడ యూట్యూబ్ ఆడుతుంది, మీ వీడియో మాత్రం కదలదు. ముప్పై ఫొటోలు ఒకేసారి పెట్టకండి, ఉన్న కాస్త వేగాన్ని అవన్నీ పంచుకుని ఏదీ పూర్తి కాదు. ముఖ్యమైనవి ఒకటి రెండు పంపి, మిగతావి ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.

అదే చోట, అదే సిమ్‌తో రోజూ ఇంతే అయితే అది మీ ఫోన్ తప్పు కాదు. మీ సిమ్ కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి, ఆ కాల్ ఉచితం. ఫిర్యాదు నంబర్ తీసుకోవడం మరిచిపోవద్దు.

వీడియో ఎంత బరువుందో తెలుసా?

కొత్త ఫోన్ కొన్నాక 'పాత ఫోన్‌లో బాగా వెళ్లేవి, ఇందులో వెళ్లట్లేదు' అనే ఫిర్యాదు తరచూ వింటుంటాం. ఫోన్ పాడవలేదు, కెమెరా మెరుగైంది. ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఈ లెక్కలు రాసే ఉంటాయి: ఒక నిమిషం వీడియోకు, స్పష్టత 720పీ అయితే సుమారు 40 ఎంబీ, 1080పీ అయితే 60 ఎంబీ, 4కే అయితే 170 ఎంబీ, సెకనుకు 60 ఫ్రేముల 4కే అయితే ఏకంగా 400 ఎంబీ. ఆండ్రాయిడ్‌లో అంకెలు మారొచ్చు, పోకడ అదే. పాప పుట్టినరోజు కేక్ కోసిన మూడు నిమిషాల వీడియో జీబీ దాటేసిందంటే ఆశ్చర్యం లేదు.

మామూలుగా పంపితే వాట్సాప్ ఆ వీడియోను కుదించి చిన్నది చేసి పంపుతుంది. ఆ కుదింపు జరిగేది మీ ఫోన్‌లోనే. పాత ఫోన్ అయితే దానికే నిమిషాలు పడుతుంది, ఈలోగా మనం వేరే యాప్‌లోకి వెళ్తే ఆగిపోతుంది. ఐఫోన్‌లో ఇది మరీ ఎక్కువ, వెనక్కి వెళ్లిన యాప్‌కు అది కాసేపే పనిచేసే అవకాశం ఇస్తుంది. పెద్ద వీడియో పంపేటప్పుడు స్క్రీన్ ఆరిపోకుండా చూసుకుని వాట్సాప్‌లోనే ఉండండి.

వీడియో ఎంచుకోగానే పైన ఒక పట్టీ కనిపిస్తుంది. దాని రెండు చివర్లను లోపలికి జరిపి అక్కర్లేని ముందూ వెనకా కత్తిరించొచ్చు. ఎంత నిడివి, ఎంత సైజు అన్నది అక్కడే కనిపిస్తుంది. అక్కడే హెచ్‌డీ గుర్తు కూడా ఉంటుంది. నెట్ సరిగా లేనప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా కింద మీడియా అప్‌లోడ్ క్వాలిటీ ఎప్పుడో హెచ్‌డీకి మార్చి మరిచిపోయారేమో, అదీ చూడండి. స్టాండర్డ్‌కు మార్చగానే చాలామందికి సమస్య తీరిపోతుంది.

నాణ్యత తగ్గకూడదంటే గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. అటాచ్ గుర్తు నొక్కి, డాక్యుమెంట్ ఎంచుకుని, ఆ ఫైలు చూపించాలి. 2 జీబీ దాకా వెళ్తుంది, కుదింపు ఉండదు. పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు ఫ్రేము కట్టించడానికి ఫొటో పంపాలన్నా ఇదే దారి. అయితే కుదింపు లేదు కాబట్టి డేటా కూడా అంతా పడుతుంది. రోజుకు 1.5 జీబీ ప్లాన్ మీద ఒక జీబీ వీడియో పంపడం తెలివైన పని కాదు, వైఫై కోసం ఆగండి.

అంతకన్నా పెద్దవాటిని, పదిమందికి పంపాల్సినవాటిని గూగుల్ ఫొటోస్‌లోనో డ్రైవ్‌లోనో ఎక్కించి లింకు పంపడం మేలు. ఒకసారి అప్‌లోడ్ చేస్తే చాలు. లింకు తెరిచే అనుమతి ఎవరికి ఇచ్చారో మాత్రం సరిచూడండి, లేకపోతే 'తెరుచుకోవట్లేదు' అని పది ఫోన్లొస్తాయి. ఎదురుగా కూర్చున్న మనిషికైతే ఇంటర్నెట్టే అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్లలో ఎయిర్‌డ్రాప్ ఉన్నాయి.

శుభోదయాలు నింపేసిన ఫోన్

వీడియో కుదించాలంటే ఫోన్‌లో కొంత ఖాళీ ఉండాలి. అది లేకపోతే పంపడం మొదలై ఆగిపోతుంది. పెద్దవాళ్ల ఫోన్లలో ఖాళీని మింగేసేవి సాధారణంగా వాళ్లు తీసిన ఫొటోలు కావు, రోజూ పది గ్రూపుల్లో వచ్చే శుభోదయం బొమ్మలు, దేవుడి వీడియోలు. తీసేయమంటే నొచ్చుకుంటారు. అందుకే నేనైతే దేవుడి బొమ్మల జోలికి వెళ్లను, వీడియోల దగ్గర మొదలుపెడతాను.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. 5 ఎంబీ దాటిన ఫైళ్లు, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి. పెద్దవి తీసేస్తే నిమిషాల్లో జీబీలు ఖాళీ అవుతాయి. ఒకటి రెండు జీబీలైనా ఖాళీ ఉండేలా చూసుకోండి. ఇక ముందు నిండకుండా, అక్కడే మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోల టిక్కు తీసేయండి.

ఫొటో గ్యాలరీలో ఉంది, ఫోన్‌లో లేదు

గ్యాలరీలో కనిపించే ప్రతి ఫొటో ఫోన్‌లో ఉండాలని లేదు. గూగుల్ ఫొటోస్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కి ఉంటే అసలు ఫొటోలు క్లౌడ్‌లోకి వెళ్లిపోయి ఫోన్ నుంచి తొలగిపోతాయి. ఐఫోన్‌లో ఆప్టిమైజ్ స్టోరేజ్ ఆన్‌లో ఉన్నా అంతే, చిన్న నమూనా మాత్రమే ఫోన్‌లో మిగులుతుంది. అలాంటి ఫొటో పంపాలంటే ముందు అది కిందికి దిగాలి, తర్వాత పైకి వెళ్లాలి. పాత ఫొటోలే వెళ్లట్లేదు, ఈరోజు తీసినవి వెళ్తున్నాయి అంటే కారణం ఇదే. ఆ ఫొటోను ఒకసారి తెరిచి, పూర్తి స్పష్టంగా కనిపించేదాకా ఆగి, డౌన్‌లోడ్ చేసుకుని పంపండి.

వాట్సాప్‌లో ఎప్పుడో వచ్చిన ఫొటోను ఫార్వర్డ్ చేయబోతే కుదరడం లేదంటే, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా దాన్ని గ్యాలరీలోంచి ఎవరో తీసేశారన్నమాట. చాట్‌లో మసకగా మిగిలింది ఖాళీ డబ్బాయే. పంపినవాళ్లనే మళ్లీ పంపమనాలి.

గ్యాలరీ తెరిస్తే కొన్ని ఫొటోలే కనిపిస్తున్నాయా? అది పర్మిషన్ సంగతి. ఆండ్రాయిడ్ 14 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఎంపిక చేసిన ఫొటోలకే అనుమతి ఇచ్చే వీలుంది. మొదట్లో తెలియక అది నొక్కి ఉంటారు. ఫోన్ సెట్టింగ్స్‌లో వాట్సాప్ పర్మిషన్లలోకి వెళ్లి అన్ని ఫొటోలకూ అనుమతివ్వండి.

ఇక యాప్ వంతు

ఇంతదాకా చూసినా ఫలితం లేకపోతే యాప్ ఇన్ఫోలో ఫోర్స్ స్టాప్ చేసి తెరవండి. ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్‌లో అప్‌డేట్ చేయండి. ఆండ్రాయిడ్‌లో క్లియర్ క్యాష్ చేయొచ్చు, చాట్లకు ఏమీ కాదు. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా మాత్రం వేరు. అది నొక్కితే మళ్లీ మొదటినుంచీ నంబరిచ్చి లాగిన్ అవ్వాలి.

తీసేసి మళ్లీ వేసుకోక తప్పదనుకుంటే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి, చాట్ బ్యాకప్ తాజాగా జరిగిందా? సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిస్తే చివరి తేదీ ఉంటుంది. గూగుల్ ఖాతాలోని 15 జీబీ నిండిపోతే నెలల క్రితమే బ్యాకప్ ఆగిపోయి ఉండొచ్చు. రెండు, ఆ వాట్సాప్ నంబరు సిమ్ ఇప్పటికీ పనిచేస్తోందా? రీఛార్జ్ ఆపేసిన పాత నంబర్ మీద వాట్సాప్ నడుపుతున్నవాళ్లు మనలో చాలామంది. మళ్లీ లాగిన్ అయ్యే కోడ్ ఆ నంబరుకే వస్తుంది. సిమ్ లేకుండా తీసేస్తే మళ్లీ లోపలికి వెళ్లడం కష్టం.

ఎవరో పంపిన 'కొత్త వాట్సాప్' ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ వేసే ఫైలు) మాత్రం వేయొద్దు. పెళ్లి పిలుపు పేరుతో, బ్యాంకు పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లతో ఖాతాలు ఖాళీ అయిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఇప్పటికే వేసుకుని డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అరుదుగా వాట్సాప్ సర్వర్లే పడిపోతాయి. 2021 అక్టోబర్ 4న దాదాపు ఆరు గంటలు, 2022 అక్టోబర్ 25న సుమారు రెండు గంటలు ప్రపంచమంతా ఆగింది. పక్కింటివాళ్లకూ పనిచేయకపోతే మీ ఫోన్‌ను వదిలేసి టీ తాగండి.

రెండు టిక్కులు పడ్డాక

అవతలి ఫోన్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపి ఉంటే ఫొటో మసకగా ఉండి, మధ్యలో కిందికి చూపే బాణం ఉంటుంది. దాన్ని నొక్కమనండి. డౌన్‌లోడ్ ఫెయిల్ అయిందని వస్తే వాళ్ల ఫోన్‌లో ఖాళీ ఉందో లేదో చూసుకోమనండి. మెసేజ్ పాతదైతే ఆ ఫైలు సర్వర్‌లో ఉండకపోవచ్చు. అదే మెసేజ్‌ను ఫార్వర్డ్ చేసే బదులు గ్యాలరీ నుంచి కొత్తగా పంపండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడ కథ కాస్త వేరు. ఆఫీసువాళ్లు, పిల్లల స్కూల్ తల్లిదండ్రులు వాట్సాప్ కాకుండా ఫోన్‌లోని మామూలు మెసేజ్ యాప్‌లోనే ఫొటోలు పంపుకుంటారు. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కు అయితే ఐమెసేజ్, అది నీలం రంగులో ఉంటుంది. ఆకుపచ్చగా మారిందంటే ఫొటో ఎమ్మెమ్మెస్‌గానో, ఆర్‌సీఎస్‌గానో (మామూలు మెసేజ్ యాప్‌లోనే ఇంటర్నెట్ మీద నడిచే కొత్త పద్ధతి) వెళ్తోందని అర్థం.

ఎమ్మెమ్మెస్ ఇంటర్నెట్ యాప్ కాదు, సిమ్ కంపెనీ నడిపే సేవ. అందుకే ఇంట్లో వైఫై ఉన్నా సాధారణంగా మొబైల్ డేటా ఆన్‌లో ఉండాలి, దాన్ని ఆపేసుకుంటే ఫొటో కదలకపోవచ్చు. సైజు పరిమితి కూడా బాగా చిన్నది, కంపెనీని బట్టి మారుతుంది, మహా అయితే కొన్ని ఎంబీలే. వీడియో వెళ్లినా గజిబిజిగా కనిపించేది అందుకే. ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాప్స్, మెసేజెస్‌లో ఎమ్మెమ్మెస్ బటన్ ఆన్ చేయండి. ఐఓఎస్ 18 నుంచి ఆర్‌సీఎస్ కూడా వచ్చింది. అవతలివాళ్ల ఆండ్రాయిడ్‌లోనూ అది ఆన్‌లో ఉంటే పెద్ద ఫొటోలు బాగానే వెళ్తాయి.

ఇండియాలో కొన్న ఫోన్‌లో అక్కడి సిమ్ వేసినప్పుడు మెసేజ్‌లు వెళ్లి ఫొటోలు మాత్రం వెళ్లకపోతే ఏపీఎన్ సెట్టింగ్ (సిమ్ కంపెనీ నెట్‌కు ఫోన్ ఎలా కలవాలో చెప్పేది) చూడండి. అందులో ఎమ్మెమ్మెస్‌సీ అనే గడి ఖాళీగా ఉంటే ఎమ్మెమ్మెస్ పనిచేయదు. ఆ సిమ్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఏపీఎన్ వివరాలుంటాయి, ఒక్క అక్షరం తేడా రాకుండా ఎక్కించి, ఫోన్ రీస్టార్ట్ చేయండి. మనవణ్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు ఇండియా సిమ్ రోమింగ్‌లో వాడుతుంటే మాత్రం ఎమ్మెమ్మెస్ జోలికి వెళ్లొద్దు. ఇంటి వైఫైకి కలిపి వాట్సాప్‌లోనే పంపమనండి, ఆ సిమ్‌ను ఓటీపీల కోసం మాత్రం ఫోన్‌లో ఉంచమనండి.